పంచాయతీ పద్దులను కృత్రిమ మేధ సాయంతో చదవడం: దస్త్రం నుంచి గ్రామసభ ప్రశ్న దాకా

ఊరికి ఎన్ని నిధులు వచ్చాయి, అవి దేనికి ఖర్చయ్యాయి అన్న వివరాలు కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో ఎవరైనా చూడగలిగేలా ఉన్నాయి. చూసినవారిలో చాలామంది వరుసల కొద్దీ వోచర్లను, అర్థం కాని పద్దుల పేర్లను చూసి అక్కడే ఆగిపోతున్నారు. మరికొందరు ఆ దస్త్రాన్ని ఉన్నది ఉన్నట్టు చాట్‌జీపీటీకో జెమినికో ఇచ్చి, "ఇందులో అక్రమాలున్నాయా?" అని అడిగి, వచ్చిన జవాబును వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తున్నారు. చదవకుండా వదిలేస్తే ఊరికి సమాచారం అందదు, అంతే. సరిచూడని జవాబును ఊరంతా చాటితే మాత్రం ఏ తప్పూ చేయని సర్పంచో కార్యదర్శో నిందపడవలసి వస్తుంది.

ఈ పని సరిగ్గా ఎలా చేయాలని వార్డు సభ్యులు, యువజన సంఘాలవారు, ఊరికి దూరంగా ఉద్యోగాలు చేసుకుంటున్నవారు తరచుగా అడుగుతున్నారు. వారి కోసం క్రమాన్ని ఇక్కడ వివరిస్తున్నాను. ఒక ఊరిని, ఒకే ప్రశ్నను తీసుకుంటే ఇది రెండు మూడు ఆదివారాల పని. కృత్రిమ మేధ ఇందులో గంటల తరబడి సాగే రాతపనిని నిమిషాల్లోకి తెస్తుంది. తీర్పు చెప్పే బాధ్యతను మాత్రం దానికి అప్పగించకూడదు.

1. ముందు ప్రశ్నను బిగించండి

"మా ఊళ్లో నిధులు ఏమవుతున్నాయి?" అన్నది ఆవేదన. దాన్ని దస్త్రం జవాబు చెప్పగలిగే ప్రశ్నగా మార్చాలి. ఏ ఊరు, ఏ సంవత్సరాలు, ఏ పద్దు, దేనితో పోల్చి అన్న నాలుగూ అందులో ఉండాలి.

ఉదాహరణకు, "2021–22 నుంచి 2023–24 దాకా మా పంచాయతీలో మంచినీటి పనులకు 15వ ఆర్థిక సంఘం నిధుల నుంచి ఎంత ఖర్చయింది? ప్రణాళికలో రాసుకున్న పనుల్లో ఎన్నిటికి చెల్లింపులు జరిగాయి?" అని అడిగితే అది పనికొచ్చే ప్రశ్న. (15వ ఆర్థిక సంఘం నిధులంటే ఆ సంఘం సిఫారసు మేరకు కేంద్రం పంచాయతీలకు ఇచ్చినవి.) ఈ మార్గదర్శి పొడవునా దీన్నే ఉదాహరణగా వాడుతాను.

2. పద్దుల నియమాలను మీరు ముందే తెలుసుకోండి

ఈ మెట్టును దాటవేసినవారే ఎక్కువగా పొరబడుతున్నారు. నియమం తెలియనివారికి యంత్రం చెప్పినదల్లా సబబుగానే కనిపిస్తుంది.

2021–26 కాలానికి పంచాయతీలకు వచ్చిన 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం మంచినీటికి, పారిశుద్ధ్యానికి కట్టిపడేసినవి. ఆ రెండింటికీ చెరి సగం. మిగతా 40 శాతాన్ని ఊరి అవసరాన్ని బట్టి ఖర్చు చేయవచ్చు గానీ జీతాలకు, కార్యాలయ నిర్వహణకు వాడకూడదు. తెలంగాణలో 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం ప్రకారం పంచాయతీ బడ్జెట్‌లో 10 శాతాన్ని పచ్చదనానికి కేటాయించాలి. అందువల్ల అక్కడ మొక్కలకు, నర్సరీకి, ట్యాంకరు నీటికి ప్రతి ఏటా ఖర్చు కనిపించడం మామూలు విషయమే. ఈ సంగతి తెలియని యంత్రం దానిని అనుమానాస్పదమైన ఖర్చుగా చూపవచ్చు.

ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలై మార్చితో ముగుస్తుంది. మార్చి నెలాఖరున చెల్లింపులు గుంపుగా కనిపించినంత మాత్రాన తప్పు జరిగినట్టు కాదు.

3. మీ ఊరు మీ ఊరేనని నిర్ధారించుకోండి

కొత్తపల్లి, రామాపురం, వెంకటాపురం అనే ఊళ్లు తెలుగు నేల మీద ఎన్ని ఉన్నాయో లెక్కలేదు. ఒకే జిల్లాలో ఒకే పేరుతో రెండు మూడు ఊళ్లుండవచ్చు. ఇంగ్లీషు అక్షరాల్లో ఒక చోట పల్లె అని, మరొక చోట పల్లి అని రాసి ఉంటుంది. కాబట్టి పేరును నమ్ముకోకుండా, స్థానిక ప్రభుత్వాల డైరెక్టరీలో మీ పంచాయతీకి ఇచ్చిన కోడ్ నంబరును ముందుగా రాసుకోండి. ఈ-గ్రామస్వరాజ్ కూడా ఆ కోడ్‌నే వాడుతుంది.

పాత లెక్కలతో పోల్చేటప్పుడు ఇంకా జాగ్రత్త అవసరం. తెలంగాణలో 10 జిల్లాలు 2016 అక్టోబరు 11న 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. 2011 జనాభా లెక్కల్లో మీ ఊరు వేరే జిల్లా కింద, కొన్ని చోట్ల వేరే మండలం కింద ఉండవచ్చు. తెలంగాణలో 2018లో నాలుగు వేలకు పైగా కొత్త పంచాయతీలు ఏర్పడ్డాయి. వాటిలో తండాలు, గూడేలు చాలా ఉన్నాయి. అటువంటి తండా లెక్కలు అంతకు ముందు మాతృ పంచాయతీలోనే కలిసి ఉండేవి. ఇది యంత్రానికి చెప్పకపోతే, "2018 తర్వాత ఈ పంచాయతీ ఖర్చు సగానికి పడిపోయింది" అని ధీమాగా రాసి పెడుతుంది.

4. దస్త్రాలను దించుకొని భద్రపరచండి

మన ప్రశ్నకు కావలసినవి ఇవి:

- మూడు సంవత్సరాల గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలు
- అవే సంవత్సరాల జమ, ఖర్చుల నివేదికలు, వోచర్ల జాబితా
- 2011 జనాభా లెక్కల్లో గ్రామ వివరాలు
- జలజీవన్ మిషన్ డ్యాష్‌బోర్డులో మీ ఊరి కుళాయిల లెక్క
- ఉపాధి హామీ పనులు కూడా ప్రశ్నలో ఉంటే, వాటి పనుల జాబితా, సామాజిక తనిఖీ నివేదిక

ప్రతి దస్త్రానికీ ఊరి కోడ్, సంవత్సరం, దస్త్రం రకం, దించుకున్న తేదీ వచ్చేలా పేరు పెట్టండి. తేదీ ఎందుకంటే పోర్టల్‌లోని అంకెలు తర్వాత మారుతుంటాయి. మీరు ప్రశ్న వేసిన రోజున తెర మీద వేరే అంకె కనిపిస్తే మీ దగ్గర ఆధారం ఉండాలి. అసలు దస్త్రాన్ని ఎన్నడూ దిద్దకండి. దానికి నకలు తీసి, ఆ నకలు మీదే పని చేయండి.

"మా పంచాయతీ ఖర్చులు వెతికి చెప్పు" అని నేరుగా కృత్రిమ మేధనే అడగడం ఇక్కడ అందరూ చేసే పొరపాటు. ఇటువంటి పోర్టళ్లలో జిల్లా, మండలం, ఊరు ఎంచుకుంటూ పోతే గానీ పట్టిక తెరుచుకోదు. సంభాషణ యంత్రాలు చాలాసార్లు అంత లోపలికి వెళ్లలేవు. వెళ్లలేకపోయామని ఒప్పుకోకుండా, నమ్మదగినట్టు కనిపించే అంకెలను అల్లి చెప్పే ప్రమాదం కూడా ఉంది. కనుక దస్త్రం మీరు తెచ్చివ్వాలి, యంత్రం దాన్ని చదవాలి.

5. యంత్రం చదవగలిగేలా శుభ్రం చేయండి

ఎక్సెల్ రూపంలో దొరికితే అదే వాడండి. పీడీఎఫ్ అయితే అందులోని ఒక వాక్యాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెట్టి చూడండి. తెలుగు తెలుగుగానే వస్తే సమస్య లేదు. అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వస్తే అది 'అను' వంటి పాత ఫాంట్లలో తయారైన పత్రం. దాన్ని యూనికోడ్‌లోకి మార్చాలి, లేదా పేజీని బొమ్మగా తీసి అక్షరాలను గుర్తింపజేయాలి. గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలను అది చాలావరకు గుర్తిస్తుంది.

స్కాన్ చేసిన తీర్మానాల విషయంలో అక్షరాలకన్నా అంకెలతోనే ఎక్కువ చిక్కు. 3, 8 కలగలుస్తాయి, 1, 7 కలగలుస్తాయి, తెలుగు అక్షరం పక్కన పెట్టే సున్న (ం) అంకె సున్నాగా మారిపోతుంది. చేతిరాత తీర్మానాల పుస్తకమైతే, నా మాట విని, మీరే చదివి టైపు చేయండి. పది పేజీలు టైపు చేయడానికి పట్టే సమయం, యంత్రం తప్పుగా చదివిన పది పేజీలను దిద్దడానికి పట్టే సమయం కంటే తక్కువే.

రూపాయల ప్రమాణాన్ని ప్రతి పట్టిక మీదా స్పష్టంగా రాయండి. ఒక నివేదిక రూపాయల్లో, మరొకటి లక్షల్లో ఉంటుంది. మన పద్ధతిలో 1,25,000 అని పెట్టే కామా కూడా కొన్నిసార్లు అంకెను రెండు ముక్కలు చేస్తుంది. కామాలన్నీ తీసివేసి 125000 అని ఉంచడం మేలు.

6. మొదట పట్టిక, తర్వాతే ప్రశ్న

దస్త్రం ఇవ్వగానే అభిప్రాయం అడగవద్దు. మొదటి పనిగా ఉన్నదాన్ని పట్టికగా మాత్రమే రాయించండి. ఆదేశం ఇలా ఉండవచ్చు:

"జతచేసిన పత్రంలోని ప్రతి చెల్లింపునూ ఒక వరుసగా రాయి. తేదీ, వోచరు సంఖ్య, పథకం, పని పేరు, మొత్తం, పేజీ సంఖ్య అనే ఆరు గడులు ఉండాలి. పత్రంలో లేనిదేదీ చేర్చవద్దు. చదవడానికి వీలుకాని చోట 'అస్పష్టం' అని రాయి. కూడికలు చేయవద్దు, వ్యాఖ్యానం రాయవద్దు."

ఇందులో పేజీ సంఖ్య అడగడమే ప్రాణం. పేజీ చెప్పలేని అంకెను పట్టికలో ఉంచకూడదన్నది ఈ పని అంతటికీ మొదటి నియమం. నోట్‌బుక్‌ఎల్ఎమ్ వంటి సాధనం మీరిచ్చిన దస్త్రాల ఆధారంగా జవాబిస్తూ, ఏ భాగం నుంచి తీసుకుందో చూపిస్తుంది కాబట్టి కొత్తవారికి అది అనువుగా ఉంటుంది. ఏ సాధనం వాడినా, ఒకసారికి పది పదిహేను పేజీలకు మించి ఇవ్వకండి. పొడవైన దస్త్రాలు ఇస్తే మధ్య పేజీల్లోని వరుసలు జారిపోతాయి.

తర్వాత రెండో ఆదేశంతో పనులను వర్గాలుగా విడదీయించండి. వర్గాల పేర్లు మీరే ఇవ్వండి: మంచినీరు, పారిశుద్ధ్యం, వీధి దీపాలు, రోడ్లు, పచ్చదనం, ఇతరాలు. మన పత్రాల్లో పని పేర్లు ఒక తీరుగా ఉండవు. బోరు మోటారు మరమ్మతు అని ఒకచోట, సబ్‌మెర్సిబుల్ పంపు రివైండింగు అని ఇంకొకచోట, పైపులైను లీకేజీ అని వేరొకచోట ఉంటుంది. ఇవన్నీ మంచినీటి కిందివేనని గుర్తించడంలో కృత్రిమ మేధ నిజంగా అక్కరకొస్తుంది. ఒక మనిషి రోజంతా కూర్చొని చేసే పని అది. "బ్లీచింగ్ పౌడరు" దగ్గర మాత్రం తడబడుతుంది. ట్యాంకులో కలపడానికి కొన్నారా, కాలువల పక్కన చల్లడానికి కొన్నారా అన్నది వోచరు మీద ఉండకపోవచ్చు. అటువంటివి "తేలలేదు" అనే వర్గంలో ఉంచమని చెప్పండి.

7. సరిచూడకుండా ఒక్క అడుగూ ముందుకు వేయవద్దు

- పట్టికలోని వరుసల సంఖ్య, అసలు నివేదికలోని వోచర్ల సంఖ్య ఒక్కటేనా?
- అన్ని వరుసలూ కలిపిన మొత్తం, నివేదిక అడుగున ముద్రించిన మొత్తంతో రూపాయి తేడా లేకుండా సరిపోయిందా?
- ఎక్కడంటే అక్కడ 20 వరుసలు ఎంచుకొని అసలు పేజీతో పోల్చారా?
- అన్నిటికంటే పెద్దవైన పది చెల్లింపులను విడిగా చూశారా?
- ఒకే వోచరు రెండుసార్లు వచ్చిందా?
- "అస్పష్టం" అన్నచోట్లన్నీ మీ కళ్లతో చదివి నింపారా?

కూడికలను సంభాషణలో చేయించవద్దు. భాషా యంత్రం అంకెలను మాటల మాదిరిగా అల్లుతుంది కాబట్టి పొడవైన కూడికల్లో తప్పు వచ్చినా గుర్తించదు. పట్టికను ఎక్సెల్‌లోకి తెచ్చి అక్కడే కూడండి. సూత్రం రాయడం తెలియకపోతే, సూత్రాన్ని మాత్రం కృత్రిమ మేధను అడిగి తీసుకోండి.

మొత్తం సరిపోనప్పుడు తేడాను చూస్తే తప్పు ఎక్కడుందో తరచుగా తెలుస్తుంది. 48,500ను 4,85,000గా చదివి ఉంటే తేడా 4,36,500 వస్తుంది. సున్నా ఎక్కువైనప్పుడు వచ్చే తేడా ఎప్పుడూ 9తో భాగించబడుతుంది. రెండు అంకెలు తారుమారైనా అంతే. ఇది పాత గుమాస్తాల కిటుకు, ఇప్పటికీ పనిచేస్తుంది. భాగించబడకపోతే ముందుగా ఒక వరుస జారిపోయిందేమో చూడండి.

8. పోల్చేటప్పుడు సాటి వాటినే పోల్చండి

ఒక్క ఊరి అంకె చూసి ఎక్కువో తక్కువో చెప్పలేము. అదే మండలంలో దాదాపు అంతే జనాభా ఉన్న మూడు నాలుగు పంచాయతీలను తీసుకొని, అవే సంవత్సరాల లెక్కలను అదే పద్ధతిలో పట్టికలు చేయించండి. మేజర్ పంచాయతీని తండాతో పోల్చవద్దు.

తలసరి ఖర్చు లెక్కించేటప్పుడు మీ దగ్గరున్న జనాభా 2011 నాటిదని గుర్తుంచుకోండి. 2021లో జరగవలసిన గణన జరగలేదు. తదుపరి గణనకు 2027 మార్చి 1ని ప్రమాణ తేదీగా నిర్ణయించారు. ఈ మధ్యలో ఊరికి కాలనీలు వచ్చి చేరి ఉండవచ్చు, సగం ఊరు వలస వెళ్లి ఉండవచ్చు. అందువల్ల తలసరి అంకెను స్థూలమైన సూచనగానే వాడండి, చిన్న తేడాలకు అర్థం ఆపాదించకండి.

మన ప్రశ్నలో అసలైన పోలిక మరొకటి ఉంది. అది ప్రణాళికకు, చెల్లింపులకు మధ్య చేసేది. ప్రణాళికలోని ప్రతి మంచినీటి పనికీ ఎదురుగా చెల్లింపు ఉందో లేదో రాయించండి. పని పేర్లు రెండు చోట్లా ఒకేలా ఉండవు కాబట్టి, జతపరచిన ప్రతి వరుసకూ "కచ్చితం", "సుమారు", "జత దొరకలేదు" అనే మూడు గుర్తుల్లో ఒకటి పెట్టమని అడగండి. "సుమారు" అన్నవన్నీ మీరే తేల్చాలి. రెండు చోట్లా పని కోడ్ ఉంటే పేరును వదిలి కోడ్ ద్వారా జతపరచండి.

9. తేడా కనిపించగానే కారణాల కోసం వెతకండి

ఈ మెట్టు దగ్గర తొందరపడితే చేసినదంతా వృథా అవుతుంది. తెలంగాణలోని ఒక పంచాయతీ లెక్కలనే తీసుకొని, 2024–25లో 15వ ఆర్థిక సంఘం జమలు పడిపోయాయని గమనించారనుకుందాం. యంత్రాన్ని అడిగితే నిర్వహణ లోపమనో, ప్రణాళిక వేయలేదనో చెప్పవచ్చు. జరిగింది వేరు. రాష్ట్రంలో పంచాయతీ పాలకవర్గాల గడువు 2024 జనవరి 31తో ముగిసింది, ప్రత్యేకాధికారుల పాలన వచ్చింది, తిరిగి ఎన్నికలు 2025 డిసెంబరులో జరిగాయి. ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీలకు కేంద్రం ఆ నిధులను ఆపింది. ఈ కారణం మీరిచ్చిన పట్టికలో ఎక్కడా ఉండదు. పట్టికలో లేని కారణాన్ని పట్టికను మాత్రమే చూసిన యంత్రం చెప్పలేదు.

కాబట్టి "దీనికి కారణం ఏమిటి?" అని అడగకుండా ఇలా అడగండి:

"ఈ తేడాకు తప్పుతో సంబంధం లేని ఐదు కారణాలు చెప్పు. ఒక్కొక్కటి నిజమో కాదో తేల్చడానికి ఏ దస్త్రం చూడాలో, ఎవరిని అడగాలో పక్కన రాయి."

ఆ జాబితాలో తరచుగా వచ్చేవి: చెల్లింపు మరుసటి సంవత్సరంలో పడటం, పనిని వేరే పథకం నిధులతో చేయడం, పేరు మార్చి నమోదు చేయడం, కరెంటు బకాయిల కింద ఒకేసారి పెద్ద మొత్తం పోవడం, వివరాలను పోర్టల్‌లో ఆలస్యంగా ఎక్కించడం. ఒక్కొక్కటీ చూసి కొట్టివేయండి. అన్నీ కొట్టివేశాక కూడా మిగిలినదే మీరు అడగవలసిన ప్రశ్న.

10. ఊళ్లోకి వెళ్లి చూడండి

దస్త్రంలో "పైపులైను విస్తరణ, ఎస్సీ కాలనీ" అని ఉంటే ఆ కాలనీకి వెళ్లండి. నీళ్లు వస్తున్నాయా, ఏ గంటకు వస్తున్నాయి, చివరి ఇంటికి అందుతున్నాయా అని అక్కడి ఆడవాళ్లను అడగండి. డ్యాష్‌బోర్డులో ప్రతి ఇంటికీ కుళాయి ఉన్నట్టు కనిపించవచ్చు. కుళాయి ఉండటం వేరు, బిందె నిండటం వేరు. ఆ తేడా ఏ పోర్టల్‌లోనూ దొరకదు. ఫొటో తీస్తే తేదీ, స్థలం నమోదయ్యేలా తీయండి. దూరాన ఉన్నవారైతే ఊళ్లో ఉన్న ఒకరిని ఈ మెట్టుకు తోడు తీసుకోవాలి. ఇది లేకుండా నివేదిక రాయవద్దు.

పంచాయతీ కార్యదర్శితో ముందే మాట్లాడండి. చాలా సందేహాలు ఆయన దగ్గరే, అరగంటలో తీరిపోతాయి. రెండేసి ఊళ్ల బాధ్యత మోస్తూ రాత్రిపూట కంప్యూటర్ ముందు కూర్చొని వోచర్లు ఎక్కించేవారిని నేను చూశాను. నమోదులో పొరపాటు దొర్లితే దాన్ని పొరపాటుగానే చూడాలి.

11. మనుషుల వివరాలను యంత్రానికి ఇవ్వకండి

ఉపాధి హామీ జాబితాల్లో, పింఛన్ల జాబితాల్లో పేర్లు, జాబ్‌కార్డు నంబర్లు, కులం, కొన్నిచోట్ల బ్యాంకు వివరాల ముక్కలు కూడా కనిపిస్తాయి. అందరికీ కనిపిస్తున్నాయి కదా అని వాటిని ఎక్కించడం సరికాదు. విడివిడిగా ఉన్నప్పుడు హాని చేయని వివరాలు ఒకచోట కలిస్తే ఒక కుటుంబం బతుకంతా బయటపెడతాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చట్ట ప్రకారం బహిరంగపరచిన వివరాలకు కొంత మినహాయింపు ఇచ్చినా, మన ప్రశ్నకు మనుషుల పేర్లు అవసరమే లేదు.

- పేరు, నంబరు, చిరునామా గడులను తొలగించాకే ఎక్కించండి.
- ఎవరి వరుసో గుర్తుండాలంటే అ1, అ2 అని గుర్తులు పెట్టి, అసలు పేర్లను కాగితం మీద విడిగా ఉంచుకోండి.
- సాధనం సెట్టింగుల్లో మీ సంభాషణలను శిక్షణకు వాడే వీలును ఆపివేయండి.

12. కనుగొన్నదాన్ని ప్రశ్నగా రాయండి

నివేదిక ఒక పేజీ దాటనవసరం లేదు. ప్రతి వాక్యం వెనుక దస్త్రం పేరు, పేజీ, దించుకున్న తేదీ ఉండాలి. కృత్రిమ మేధతో చిత్తుప్రతి రాయించుకోవచ్చు గానీ "దుర్వినియోగం", "కుంభకోణం" వంటి మాటలు అందులో చేరితే కొట్టివేయండి. మీరు చూసింది చెల్లింపు నమోదు లేకపోవడం, అంతవరకే రాయండి.

తెలంగాణలో గ్రామసభ కనీసం రెండు నెలలకొకసారి జరగాలి. అక్కడ అడిగే ప్రశ్న ఇలా ఉండవచ్చు: "2022–23 ప్రణాళికలో ఉన్న ఫలానా మంచినీటి పనికి మూడేళ్ల వోచర్లలో చెల్లింపు కనిపించలేదు. ఆ పని జరిగిందా, వేరే నిధులతో చేశారా, వాయిదా వేశారా? తీర్మానాన్ని చదివి వినిపించగలరు."

జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయండి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటిలోనూ గ్రామ స్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. "అన్ని వివరాలూ ఇవ్వండి" అని రాయకుండా వోచరు సంఖ్యలు, తేదీలు వేసి, ఆ పనుల అంచనా ప్రతిని, ఎం.బుక్ (పని కొలతలు నమోదు చేసే పుస్తకం) నకలును, తీర్మానం నకలును పేరుపేరునా అడగండి. దస్త్రాలనే కాక పనిని స్వయంగా పరిశీలించే హక్కు కూడా ఆ చట్టంలోని 2(జె) సెక్షన్ కింద ఉంది. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, వచ్చినది అసంపూర్తిగా ఉన్నా, మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి. చేతికొచ్చిన నకళ్లను అయిదో మెట్టు నుంచి అదే వరుసలో చదివించి, మీ పట్టికలో "జత దొరకలేదు" అన్నచోట కొత్త పేజీ సంఖ్యను నింపండి.